ఒక టెలికాస్టర్ జీవితకథ

ఈ జీవితకథ ఒక ఫెండర్ టెలికాస్టర్ కస్టమ్ గిటారుది. లండన్‌లో 1977లో ఏర్పడిన ‘ది పోలీస్’ రాక్ బృందంలో యాండీ సమ్మర్స్ చేతిలో మోగినది ఇదే. ఆ బృందంలో ఉన్నది ముగ్గురే. స్టింగ్ పాడుతూ బేస్ గిటారు వాయించేవారు, స్టీవర్ట్ కోప్‌లాండ్ డ్రమ్స్ మీద ఉండేవారు, గిటారు పని సమ్మర్స్‌ది. జమైకాలో పుట్టిన రెగ్గే లయను రాక్ పాటలోకి తెచ్చి, ఆ పాటను చిన్న క్లబ్బుల నుంచి స్టేడియాల దాకా మోసుకెళ్ళిన బృందం అది. ఆ దారిలో ఈ గిటారుకు అబ్బిన అసలు విద్య, ఎప్పుడు మోగకూడదో తెలియడం.

టెలికాస్టర్ వంశం 1950లో కాలిఫోర్నియాలోని ఫుల్లర్టన్‌లో మొదలైంది. లియో ఫెండర్ చేసిన ఆ గిటారుకు బోలు పొట్ట లేదు. చదునైన చెక్క దిమ్మకు మెడను మరలతో బిగించి, తీగల కింద అయస్కాంతాల పికప్‌లు అమర్చారు. మెడ విప్పి మరొకటి బిగించే వీలుంది కనుక ఈ గిటారుకు ఒళ్ళు 1961 నాటిది, మెడ 1963 నాటిది. రంగు సన్‌బర్స్ట్: అంచుల్లో ముదురుగా మొదలై నడిమికి వచ్చేసరికి పసుపు తిరుగుతుంది. అంచు చుట్టూ సన్నని తెల్ల పట్టీ ఉంటుంది. 1959లో వచ్చిన కస్టమ్ రకానికి ఆ పట్టీయే గుర్తు.

ఫ్యాక్టరీ నుంచి వచ్చిన రూపం మాత్రం నిలవలేదు. సమ్మర్స్‌కు దొరికేనాటికే దీని లోపల చాలా మారిపోయింది. మెడ వైపున్న పికప్ స్థానంలో గిబ్సన్ కంపెనీ హంబకర్ వచ్చింది. రెండు చుట్టలను ఎదురెదురుగా కలిపి కరెంటు గుర్రును రద్దు చేసే పికప్ అది, దాని నాదం నిండుగా, గుండ్రంగా ఉంటుంది. తీగలు ఆనే బ్రిడ్జ్ వైపు మాత్రం ఫెండర్ వారి పదునైన మోత అలాగే ఉంది. బ్రిడ్జ్ ఇత్తడిది. రెండు పికప్‌లనూ ఒకదానికొకటి ఎదురు చేసే ఒక స్విచ్ ఉంది, దాన్ని తిప్పితే మంద్రం చాలావరకు తగ్గి సన్నని స్వరం మిగులుతుంది. దిమ్మలోనే శబ్దాన్ని పెంచే చిన్న ప్రీయాంప్ కూడా ఉంది. ఒకే గిటారులో ఇన్ని గొంతులు ఉండటం ముగ్గురే ఉన్న బృందానికి తర్వాత బాగా పనికొచ్చింది.

సమ్మర్స్ 1942లో లాంకషైర్‌లో పుట్టి బోర్న్‌మత్‌లో పెరిగారు. జూట్ మనీ బృందంలో రిథమ్ అండ్ బ్లూస్ వాయించారు, 1968లో సాఫ్ట్ మెషీన్‌తోనూ ఎరిక్ బర్డన్ ఆనిమల్స్‌తోనూ కొద్దికాలం తిరిగారు. తన గిబ్సన్ లెస్ పాల్‌ను ఎరిక్ క్లాప్టన్‌కు అమ్మేశారు. ఆ తర్వాత కాలిఫోర్నియాలో ఉండిపోయి, నార్త్‌రిడ్జ్ విశ్వవిద్యాలయంలో శాస్త్రీయ గిటారు చదువుకున్నారు. చేతిలో డబ్బు లేని ఆ రోజుల్లోనే లాస్ ఏంజెలస్‌లో ఒక విద్యార్థి దగ్గర 200 డాలర్లకు ఈ టెలికాస్టర్ కొన్నారు. ఎలక్ట్రిక్ గిటారు మీద దాదాపు పోయిన మక్కువను దీని మోత మళ్ళీ రగిలించిందని ఆయన చెప్పుకున్నారు. ఈ గిటారు జీవితంలో మొదటి గౌరవం అదే.

సమ్మర్స్ లండన్ తిరిగొచ్చేనాటికి, నేర్పు కంటే ఆవేశాన్ని మెచ్చే పంక్ రాక్ ఊపు మొదలైంది. అమెరికన్ డ్రమ్మర్ కోప్‌లాండ్, న్యూకాసిల్ దగ్గరి వాల్‌సెండ్ నుంచి వచ్చిన బడిపంతులు స్టింగ్, గిటారిస్టు హెన్రీ పడోవానీ కలిసి 1977 మొదట్లో ‘ది పోలీస్’ ప్రారంభించారు. ‘ఫాల్ అవుట్’ అనే వారి మొదటి రికార్డులో ఈ గిటారు లేదు. ఆ ఏడు మే నెలలో పారిస్‌లో జరిగిన ఒక కచేరీకి స్టింగ్, కోప్‌లాండ్, సమ్మర్స్ ఒకే వేదిక ఎక్కారు. కొద్ది వారాలు నలుగురిగా నడిచిన బృందం నుంచి ఆగస్టులో పడోవానీ వెళ్ళిపోగా ముగ్గురు మిగిలారు. ముప్ఫై నాలుగేళ్ళ వయసు, శాస్త్రీయ సంగీతం చదువు, నేర్పున్న వేళ్ళు: పంక్ కుర్రాళ్ళ కళ్ళకు ఇవన్నీ సమ్మర్స్ నేరాలే. 1978లో ఒక చూయింగ్ గమ్ ప్రకటన కోసం ముగ్గురూ జుట్టుకు బంగారు రంగు వేయించుకున్నారు. ఆ రంగే తర్వాత బృందానికి గుర్తుగా నిలిచిపోయింది.

రెగ్గే వీరికి దూరదేశపు వింత కాదు. 1948 తర్వాత కరీబియన్ దీవుల నుంచి వలస వచ్చినవారు లండన్ పేటలైన బ్రిక్స్‌టన్‌లో, నాటింగ్ హిల్‌లో స్థిరపడి తమ పాటను వెంట తెచ్చుకున్నారు. 1977లో జమైకా రెగ్గే గాయకుడు బాబ్ మార్లే కూడా లండన్‌లోనే ఉన్నారు. రాక్సీ క్లబ్బులో పంక్ బృందాల మధ్య విరామంలో డీజే డాన్ లెట్స్ రెగ్గే, డబ్ రికార్డులు వేసేవారు. అలా ఒకే గదిలో తెల్ల పిల్లల కోపం, నల్లవారి లయ పక్కపక్కన వినిపించాయి. ఈ గిటారు పేరు తెచ్చుకున్న ప్రతి పాటలోనూ జమైకా రాజధాని కింగ్‌స్టన్ వాద్యకారుల రుణం ఉంది. దాన్ని చెప్పకుండా ఈ కథ నిజాయితీగా సాగదు.

ఆ లయ పనిచేసే తీరు ఇది. నాలుగు దెబ్బల తాళంలో రాక్ డ్రమ్మర్ మొదటి దెబ్బ మీదే బేస్ డ్రమ్ గట్టిగా కొడతాడు. రెగ్గేలో ‘వన్ డ్రాప్’ పద్ధతిలో మొదటి దెబ్బ ఖాళీ, బరువంతా మూడో దెబ్బ మీద పడుతుంది. పాట నడకను బేస్ గిటారు మోస్తుంది. గిటారు దెబ్బకూ దెబ్బకూ నడుమ పొట్టిగా ‘చక్’ మని తగిలి వెంటనే ఆగిపోతుంది. డబ్ ఇంకో అడుగు ముందుకు వేసింది. కింగ్ టబ్బీ లాంటి ఇంజనీర్లు రికార్డు నుంచి ఒక్కో వాద్యాన్నీ తీసేస్తూ, మిగిలిన దానికి ప్రతిధ్వని కలిపి కొత్త పాట చేశారు. తీసేయడం కూడా సంగీతమేనని లండన్ కుర్రాళ్ళకు నేర్పింది వాళ్ళే.

ముగ్గురూ దీన్ని అచ్చంగా అనుకరించలేదు. బీరూట్‌లో పెరిగిన కోప్‌లాండ్ చెవిలో అరబ్ లయలు ఉన్నాయి, హైహాట్ తాళాల మీద ఆయన అల్లిక రెగ్గే కంటే చురుకు. స్టింగ్ జాజ్ నుంచి వచ్చారు, మాటకూ మాటకూ మధ్య చోటు వదిలే బేస్ ఆయనది. సమ్మర్స్ ఈ గిటారు మీద ఎంచుకున్న స్వరాలు మరీ విలక్షణమైనవి. పాశ్చాత్య తీగల పట్టులో (కార్డ్‌లో) షడ్జ పంచమాలతో పాటు గాంధారం ఉంటే, అది సంతోషమో విషాదమో తేలిపోతుంది. సమ్మర్స్ చాలాచోట్ల గాంధారాన్ని వదిలేసి, పై స్థాయి రిషభం చేర్చారు. ‘మెసేజ్ ఇన్ ఎ బాటిల్’ మొదట్లో పరుగెత్తే వరస అంతా షడ్జం, పంచమం, రిషభాల మెట్లే. ఏ భావమన్నది తేల్చకుండా ఉండటం వల్ల దాని మీద స్టింగ్ గొంతు ఏ వైపైనా వాలగలిగింది. ఆ మోతకు ఎకోప్లెక్స్ టేపు ప్రతిధ్వని, ఎలక్ట్రిక్ మిస్ట్రెస్ పెడల్ నీటి తరగలాంటి కదలిక తోడయ్యాయి. ‘వాకింగ్ ఆన్ ద మూన్’లో గిటారు ఒక్కసారి మోగి ఆగితే, ఆ మోత చాలాసేపు గాలిలో తేలుతూనే ఉంటుంది. ఈ గిటారు చేసిన పనులన్నిటిలోకీ అందమైనది అదే.

మొదటి ఆల్బమ్ ‘అవుట్‌లాండోస్ దమూర్’ లెదర్‌హెడ్‌లోని సర్రే సౌండ్ స్టూడియోలో, వైద్యుడైన నైజల్ గ్రే దగ్గర, అప్పు తెచ్చిన కొద్దిపాటి డబ్బుతో ఖాళీ దొరికిన రోజుల్లో తయారై 1978 నవంబరులో వచ్చింది. పారిస్‌లో స్టింగ్ రాసుకున్న ‘రాక్సాన్’ మొదట బోసా నోవా నడకలో ఉండేది. సాధనలో దాని లయ మారి, ఎడం ఎడంగా పడే గిటారు పోట్లతో ఇప్పటి రూపం వచ్చింది. ‘సో లోన్లీ’లో చరణం రెగ్గే, పల్లవి పంక్. ఆ పాట స్వరాల వరసను మార్లే పాట నుంచి తీసుకున్నానని స్టింగ్ దాపరికం లేకుండా ఒప్పుకున్నారు.

రికార్డులు ఇంకా అమ్ముడుపోకముందే, 1978 అక్టోబరులో ముగ్గురూ లేకర్ వారి చౌక విమానంలో న్యూయార్క్ వెళ్ళారు. సీబీజీబీ క్లబ్బులో మొదలుపెట్టి, సామానుతో పాటు ఒకే వ్యానులో ఊరూరా తిరిగారు. పొకీప్సీలో ప్రేక్షకులను వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. అయినా కచేరీ కుదించలేదు. చేతిలో పాటలు తక్కువ, వాయించాల్సిన సమయం ఎక్కువ. అందుకని పాట నడుమ పదాలు ఆపి, బేస్, డ్రమ్స్ మీద గిటారును స్వేచ్ఛగా వదిలి, ప్రతిధ్వనితో ఆడుకుంటూ సాగదీసేవారు. ‘కాంట్ స్టాండ్ లూజింగ్ యూ’ నడుమ రాత్రి రాత్రికీ పెరిగిన అలాంటి సాగదీతే ‘రెగ్గాటా డి బ్లాంక్’ అనే వాద్యగీతమై, 1979లో రెండో ఆల్బమ్‌కు పేరిచ్చి, గ్రామీ బహుమతి తెచ్చింది. ఈ బృందం స్టూడియోలో కంటే వేదిక మీద పెద్దది అనడానికి అంతకంటే రుజువు అక్కర్లేదు.

1979లో అంతా ఒక్కసారిగా మారింది. ‘మెసేజ్ ఇన్ ఎ బాటిల్’, ‘వాకింగ్ ఆన్ ద మూన్’ వెంటవెంటనే బ్రిటన్‌లో మొదటి స్థానానికి చేరాయి. డిసెంబరు 18న హామర్‌స్మిత్‌లో ఒకే రాత్రి రెండు హాళ్ళలో, ఒడియన్‌లోనూ పాలే లోనూ వాయించారు. జనాన్ని దాటి ఒకచోటు నుంచి మరోచోటికి వెళ్ళడానికి సైనిక వాహనం వాడాల్సి వచ్చింది.

తర్వాతి ఏడాది రాక్ బృందాలు మామూలుగా వెళ్ళని ఊళ్ళకు వెళ్ళారు. అందులో కైరో ఉంది, బొంబాయి ఉంది. 1980 మార్చిలో బొంబాయి ధోబీ తలావ్ దగ్గరి రంగ్ భవన్ ఆరుబయట వేదిక మీద, టైమ్ అండ్ టాలెంట్స్ క్లబ్ మహిళలు సేవా కార్యక్రమాల నిధుల కోసం ఏర్పాటు చేసిన కచేరీలో ముగ్గురూ వాయించారు. పాశ్చాత్య బృందాల కచేరీలు అరుదైన ఆ రోజుల్లో ఇక్కడి రాక్ అభిమానులకు అది పెద్ద పండగ. లయలో ఖాళీని కూడా లెక్కపెట్టే శ్రోతలున్న దేశంలో వాయించడం ఈ గిటారుకు దక్కిన అదృష్టం.

1980 ఆల్బమ్ ‘జెన్యాటా మొండాటా’ నెదర్లాండ్స్‌లోని హిల్వర్సమ్‌లో, తరుముకొస్తున్న పర్యటనల నడుమ వారాల్లో ముగించారు. అందులో ‘బిహైండ్ మై కామెల్’ సమ్మర్స్ సొంత వాద్యగీతం. స్టింగ్ వాయించడానికి ఒప్పుకోకపోతే బేస్ కూడా సమ్మర్సే వాయించారు. దానికీ గ్రామీ వచ్చింది. 1981లో మోంట్‌సెరాట్ దీవిలోని ఎయిర్ స్టూడియోలో ‘ఘోస్ట్ ఇన్ ద మెషీన్’ చేసేనాటికి కీబోర్డులు, శాక్సఫోన్లు వచ్చి చేరాయి, వేదిక మీదికి బూరల బృందం వచ్చింది. గిటారు వదిలే ఖాళీలను ఇప్పుడు ఇతర వాద్యాలు నింపుతున్నాయి. మునుపటి గాలి తగ్గింది. 1983 ఆల్బమ్ ‘సింక్రోనిసిటీ’ అదే దీవిలో రికార్డు చేసినప్పుడు డ్రమ్స్ భోజనాల గదిలో, స్టింగ్ కంట్రోల్ రూములో, సమ్మర్స్ స్టూడియోలో, ఎవరి గదిలో వారు ఉన్నారు. మంచి శబ్దం కోసం చేసిన ఏర్పాటే కానీ, ముగ్గురి మధ్య పెరిగిన దూరానికీ అది సరిపోయింది. అమ్మకాల్లో మాత్రం అదే శిఖరం. ‘ఎవ్రీ బ్రెత్ యూ టేక్’ అమెరికాలో ఎనిమిది వారాలు, ఆల్బమ్ పదిహేడు వారాలు మొదటి స్థానంలో నిలిచాయి.

1983 ఆగస్టు 18న న్యూయార్క్ షే స్టేడియంలో దాదాపు 70,000 మంది ముందు వాయించారు. ఆరంభ బృందాల్లో ఆర్.ఇ.ఎమ్. కూడా ఉంది. ఇంతకంటే ఎక్కడానికి ఎత్తు లేదని, ఇక ఆగిపోవాలని ఆ రాత్రే అనుకున్నట్టు స్టింగ్ తర్వాత చెప్పారు. స్టేడియంలో శబ్దం చివరి వరసను చేరడానికే సమయం పడుతుంది. క్లబ్బు గోడల మధ్య అరక్షణపు ఖాళీ చేసిన పని అక్కడ కొంత చెదిరిపోతుంది. ముగ్గురు గాయనీమణులు ఆ పర్యటనలో తోడున్నది కూడా ఆ వైశాల్యాన్ని నింపడానికే. 1984 మార్చిలో మెల్‌బోర్న్‌తో పర్యటన ముగిసింది.

1986 జూన్‌లో ఆమ్నెస్టీ ఇంటర్నేషనల్ కోసం మూడు కచేరీలకు మళ్ళీ కలిశారు. జెయింట్స్ స్టేడియంలో చివరి పాట నడుమ తమ వాద్యాలను యూటూ బృందం చేతుల్లో పెట్టారు. జూలైలో కొత్త ఆల్బమ్ కోసం స్టూడియోకు వెళితే, గుర్రం మీద నుంచి పడి కోప్‌లాండ్ కాలర్‌బోన్ విరిగింది. పాత పాట ఒకటి కొత్తగా విడుదల చేయడంతో ఆ ప్రయత్నం ఆగిపోయింది. 2003 మార్చిలో రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో బృందానికి చోటు దక్కిన రాత్రి కొన్ని పాటలు కలిసి వాయించారు.

2007లో ఫెండర్ కస్టమ్ షాప్ ఈ గిటారుకు పరిమిత సంఖ్యలో నకళ్ళు చేసింది. హంబకర్, ఇత్తడి బ్రిడ్జ్, ఎదురు స్విచ్, ప్రీయాంప్, రంగు లేచిపోయిన చోట్లు సైతం దించేశారు. ఆ ఏడే ఫిబ్రవరిలో గ్రామీ వేదిక మీద ‘రాక్సాన్’ వాయించి, మే 28న వాంకూవర్‌లో పునస్సమాగమ పర్యటన మొదలుపెట్టారు. ఈసారి బూరలు, కీబోర్డులు, తోడు గాయకులు ఎవరూ లేరు. వేదిక మీద ముగ్గురే. టిక్కెట్ల వసూళ్ళు 35 కోట్ల డాలర్లు దాటాయి. 2008 ఆగస్టు 7న న్యూయార్క్ మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో, ఆ నగరపు ప్రజా టెలివిజన్ కేంద్రాల సహాయార్థం చేసిన కచేరీతో పర్యటన ముగిసింది. ‘ది పోలీస్’ పేరుతో ముగ్గురూ చేసిన పర్యటనల్లో చివరిది అదే.