వాట్ల వాటం

హనుమకొండ నుంచి కాజీపేట దాకా ఏ పాత కారు వెనక వెళ్లినా ఒకటే దడదడ. అది పాటదో, డిక్కీ రేకుదో తేల్చడం కష్టం. కారు ఎంత పాతదైతే కొత్త స్పీకర్ల డబ్బా మీద అంకె అంత పెద్దగా ఉండాలని మనవాళ్ల పట్టుదల. 400 వాట్లట! అది రెప్పపాటు గరిష్ఠం. నిలకడగా మోసే లెక్క ‘ఆర్‌ఎంఎస్’ పేరుతో చిన్నక్షరాల్లో నక్కి ఉంటుంది. అయినా, అన్ని వాట్లు పంపేదెవరు? బూస్టర్ లేని స్టీరియో, 14 వోల్టుల కారు కరెంటుతో 4 ఓమ్‌ల స్పీకర్‌కు శుభ్రంగా ఇవ్వగలిగేది పాతిక వాట్లకు మించదు.

పెద్ద వాట్లయితే కాలిపోవు కదా అంటారు. నిజమే, కానీ మోసే బలం వేరు, పలికే చురుకు వేరు. చూడాల్సింది సెన్సిటివిటీ: అది 3 డెసిబెల్స్ ఎక్కువున్న స్పీకర్ సగం వాట్లతోనే అంతే మోత మోగిస్తుంది. బాస్ చాలదంటారా? తలుపు లోపలి కన్నాలు మూయించండి, స్పీకర్ చుట్టూ స్పాంజి పట్టీ వేయించండి. ఇవన్నీ ఎందుకు, బూస్టరే పెట్టిస్తామంటే సరే. బ్యాటరీ నుంచి మందపాటి వైరు, ఫ్యూజు మరవకండి. అద్దాలు మాత్రం దించకండి. భద్రకాళి చెరువు గట్టుకు నడకకొచ్చినవాళ్లెవరూ మిమ్మల్ని పాట అడగలేదు.