మూర్ఛపోయినవాడే సంజీవని

యుద్ధంలో మూర్ఛపోయింది లక్ష్మణుడు. కొండ మోసుకొచ్చింది హనుమంతుడు. మా యానాం ఫరంపేటలో ఈ కథ తిరగబడింది. ఇక్కడ మూర్ఛపోయినవాడే సంజీవని. లక్ష్మణఫలం తింటే షుగరు, కీళ్ళనొప్పులు, కేన్సరు అన్నీ మటుమాయమట. పొద్దున్నే ఫోన్ తెరిస్తే గుడ్ మార్నింగ్ పువ్వుల వెనకాలే ఈ పండూ వస్తుంది.

సీతాఫలం, రామాఫలం, లక్ష్మణఫలం మూడూ అమెరికా ఖండంనుంచి ఓడెక్కి వచ్చినవే. అయోధ్యలో ఎవరూ వీటి రుచి చూసుండరు. అయినా పేరులో రామాయణం ఉంది కదా, ఇక పరీక్షలెందుకు?

మా బాబాయి కడియం నర్సరీనుంచి మొక్క తెచ్చాడు. "కీమోకన్నా 10,000 రెట్లు పవర్రా అబ్బాయ్. పైగా సైడెఫెక్టుల్లేవు!" అన్నాడు. అంత పవరే ఉంటే, ఒక్క తొన తిన్న పిల్లాడికి సాయంత్రానికల్లా గుండు కావాలి కదా బాబాయ్ అన్నాను. మూడు రోజులు మాట్లాడలేదు.

ఆ 10,000 ఊరికే పుట్టలేదు. 1996లో అమెరికాలోని పర్డ్యూ విశ్వవిద్యాలయం వాళ్ళు ఈ పండు గింజల్లోంచి ఒక పదార్థాన్ని విడదీసి, పేగు కేన్సరు కణాలమీద ప్రయోగించారు. అక్కడ అది అడ్రియామైసిన్ అనే కీమో మందుకన్నా అన్ని రెట్లు ఘాటుగా పనిచేసింది. ప్రయోగం జరిగింది గాజు పాత్రలో, మనిషిలో కాదు. వాడింది గింజ, మనం ఉమ్మేసేది. గాజు పాత్రలో కణాన్ని చంపడం ఏమంత గొప్ప? కాకినాడ పెద్దమనుషులు బండేసుకొచ్చి మా యానాంలో కొనుక్కుపోయే సరుకు పోసినా చస్తుంది. దాన్నీ మందనే అంటారు లెండి!

ఆ ఘాటుకి కారణం అసిటోజెనిన్లు. కణంలో శక్తి తయారయ్యే పొయ్యినే ఆర్పేస్తాయి. సీతాఫలం గింజల్లోనూ ఉండేది వీటి చుట్టాలే. ఆ గింజలు నూరి పేలకి పట్టించిన అమ్మమ్మ, కళ్ళలో పడకుండా నుదుటికి గుడ్డ కట్టేది. ఆవిడకి తెలిసిన సైడెఫెక్టు ఈ ఫోన్లకి తెలియదు.

గ్వాడెలూప్ అనే దీవి ఉంది. అదీ మన యానాంలాగే ఫ్రెంచి జెండా కింద పెరిగిందే. మనం 1954లో దిగిపోయాం, వాళ్ళింకా దిగలేదు. అక్కడ మందులకి సరిగా లొంగని పార్కిన్సన్ తరహా జబ్బు ఎక్కువగా కనబడితే, ఈ పండు తినే, ఈ ఆకుల కషాయం తాగే అలవాటుమీద వైద్యులకి అనుమానమొచ్చింది. 1999లో లాన్సెట్ పత్రికలో రాశారు. తర్వాత ఈ పండులోని అనోనాసిన్ అనే అసిటోజెనిన్‌ని ఎలకలకి ఎక్కిస్తే మెదడు కణాలు దెబ్బతిన్నాయి. మనుషుల్లో జబ్బుకి కారణం ఇదేనని ఖాయంగా తేలలేదు. కానీ రోజూ ఆకు మరగబెట్టుకునేవాడికి ఆ అనుమానమైనా చెప్పాలి కదా! చెప్పరు. కేజీ లెక్కన ఆకుపొడి అమ్ముతారు.

మనం ఫ్రెంచివాళ్ళని సాగనంపిన ఆ 1954లోనే ఢిల్లీలో ఒక చట్టం వచ్చింది. కేన్సరుని, చక్కెర జబ్బుని నయం చేస్తామంటూ మందులకి ప్రకటనలివ్వడం నేరమంది. తెల్లదొరలు వెళ్ళారు, చట్టం మాత్రం ఇంకా ఫరంపేట పొలిమేర దాటి లోపలికి రాలేదు.

అన్నట్టు బాబాయి తిట్టే కీమో కూడా చెట్టుమందే. ఆయన గేటు పక్కన పూసే బిళ్ళగన్నేరులోంచే విన్‌క్రిస్టిన్ వచ్చింది. పిల్లల రక్త కేన్సరుకి ఇప్పటికీ వాడతారు. అయితే దాన్ని విడదీసి, శుద్ధిచేసి, మిల్లీగ్రాముల్లో కొలిచి, నరంలోకి ఎక్కిస్తారు. ఆకుకీ మందుకీ మధ్య తూకం ఉంది. ఆ తూకం తీసేస్తే మిగిలేది విషమైనా కావచ్చు, వట్టి పసరైనా కావచ్చు.

మొన్న బాబాయి చెట్టు కాసింది. నేనూ తిన్నాను. పులుపూ తీపీ కలిసి బ్రహ్మాండంగా ఉంది. ఏ జబ్బూ లేనివాడికి అద్భుతంగా పనిచేస్తుంది.