రెండు మార్కుల మంచు

కొన్ని మాటలు ఇంటర్ ఫిజిక్సులో రెండు మార్కుల ప్రశ్న కోసమే పుడతాయి. పరీక్ష హాలు దాటాక వాటికి దిక్కుండదు. వాటిలో నాకు ముద్దొచ్చేది రీజెలేషన్. సెల్‌ఫోనులో కొడితే రెగ్యులేషన్ అని దిద్దుతుంది, మళ్ళీ కొడితే రిలేషన్ అంటుంది. తెలుగు మీడియం వాళ్ళం దాన్ని పునర్ఘనీభవనం అనేవాళ్ళం. నోట్లో ఐసుముక్క పెట్టుకుని మొదలెడితే మాట పూర్తయ్యేలోగా ముక్క కరిగిపోతుంది. అర్థం మాత్రం చిన్నదే. గట్టిగా ఒత్తితే మంచు కరుగుతుంది, ఒత్తిడి తీసేస్తే ఆ నీరు మళ్ళీ గడ్డకడుతుంది.

పుస్తకంలో బొమ్మ ఉండేది. మంచు దిమ్మె మీదుగా సన్నటి తీగ, దాని రెండు కొసలకూ బరువులు. తీగ దిమ్మెను కోసుకుంటూ కిందికి దిగిపోతుంది, దిమ్మె మాత్రం రెండు కాదు. భీముడు చీల్చిన జరాసంధుడిలా ఎప్పటికప్పుడు అతుక్కుంటుంది. చీలికల్ని తారుమారుగా విసరమని సైగ చేసే కృష్ణుడు ఈ ప్రయోగంలో లేడు.

ఇదంతా ఒకే ఇంటివాళ్ళ పని. ఒత్తిడి పెరిగితే మంచు సున్నా డిగ్రీల కన్నా కిందే కరగాలని 1849లో జేమ్స్ థామ్సన్ అనే ఇంజనీరు కాగితం మీద లెక్క తేల్చాడు. మరుసటి ఏడాది తమ్ముడు విలియం, అంటే తర్వాత లార్డ్ కెల్విన్ అయినాయన, ప్రయోగం చేసి అన్నయ్య చెప్పింది నిజమేనన్నాడు. 1872లో వాళ్ళ మేనల్లుడు బాటమ్లీ తీగ వేలాడదీశాడు. మన ఇళ్ళల్లో ఇద్దరు అన్నదమ్ములూ ఒక మేనల్లుడూ ఒక దిమ్మె చుట్టూ చేరితే, అది తీగ అవసరం లేకుండానే మూడు వాటాలయ్యేది.

లండన్‌లో మైకేల్ ఫారడేది వేరే పాట. కరుగుతున్న రెండు మంచుముక్కల్ని ఊరికే ఆనించినా అతుక్కుంటాయని ఆయన 1850లో చూపించాడు. మంచు పైన పల్చటి నీటిపొర ఉంటుందని, రెండు ముక్కల మధ్య చిక్కితే అదే గడ్డకడుతుందని వాదించాడు. జేమ్స్ థామ్సన్ ఒప్పుకోలేదు. ఇద్దరూ పెద్దమనుషులు కాబట్టి ఆ పేచీ పత్రికల్లోనే సాగింది.

మా ఇంట్లో ఈ మాటను వాడుకలోకి తేవాలని చూశాను.

“ఏవండీ, ఐసుముక్కలన్నీ ముద్దకట్టాయి. కాస్త విడగొట్టి పెట్టండి.”

“దీన్ని పునర్ఘనీభవనం అంటారు.”

“అనండి. ముందు విడగొట్టండి.”

అసలు తమాషా స్కేటింగ్‌ది. బ్లేడు ఒత్తిడికి మంచు కరిగి, ఆ నీటి మీద మనిషి జారతాడని మాకు చెప్పారు. ఫ్యాను కూడా తిరగని ఆ తరగతి గదిలో స్కేటు చూసినవాడు ఒక్కడూ లేడు. చెప్పిన మాస్టారూ చూళ్ళేదు. అయినా జారుతున్నంత హాయిగా అందరం రాసేశాం. మంచు కరిగే ఉష్ణోగ్రత ఒక్క డిగ్రీ దిగాలంటే మామూలు గాలి ఒత్తిడికి దాదాపు 130 రెట్లు కావాలి. 1886లో జాన్ జోలీ బ్లేడు అంచు మహా సన్నమనుకుని ఏకంగా 466 రెట్లు లెక్కగట్టాడు. అంతా చేసి కరిగే ఉష్ణోగ్రత దిగింది మైనస్ 3.5 డిగ్రీల దాకా! ఐస్ హాకీ వాళ్ళు మైనస్ 9 దగ్గర పడుతూ లేస్తూ ఆడుకుంటున్నారు. 1939లో బౌడెన్, హ్యూస్ అనే ఇద్దరు స్విట్జర్లండ్ కొండల్లో మంచుగుహలో కూర్చుని పరీక్షించి, పుణ్యం చాలావరకు రాపిడి వేడిదన్నారు. దానికి తోడు మంచు పైన ఫారడే చెప్పిన తడిపొర. ఆయన పోయి ఎంతో కాలమయ్యాక గెలిచాడు.

మనకు స్కేటింగ్ ఎందుకసలు? గోలా బండి లేదూ? మంచు దిమ్మెను రందా మీద తోస్తే రాలే పొడిని బండివాడు గ్లాసులో కుక్కి, పుల్ల గుచ్చి, అరచేత్తో ఒక్క నొక్కు నొక్కుతాడు. పొడి గడ్డవుతుంది. మరీ గట్టిగా నొక్కితే రంగునీళ్ళు పీల్చదు, వదులుగా నొక్కితే చొక్కా మీద పడుతుంది. థామ్సన్లకూ ఫారడేకూ కుదరని రాజీ అక్కడ పది రూపాయలకు కుదురుతుంది. ఆ బొమ్మ వేసిన పాఠ్యపుస్తకం నేనింతవరకు చూడలేదు.

ఇదంతా ఇంటర్ చదివే మా మేనల్లుడికి పూసగుచ్చినట్టు చెప్పాను. బాటమ్లీ కూడా మేనల్లుడేనని ఉత్సాహపరిచాను. వాడు బుద్ధిగా విన్నాడు.

“ఇలా రాస్తే మార్కులేస్తారా మామయ్యా?”

“ఏమో, దిద్దేవాడు కీ చూసుకుని దిద్దుతాడు కదరా.”

“అయితే స్కేటింగే రాస్తాలే,” అని వాడు పేజీ తిప్పాడు.