హామీ పత్రం జతపరచవలెను

"ఈ కథ నా సొంతం. దేనికీ అనువాదం గానీ, అనుసరణ గానీ, అనుకరణ గానీ కాదు. ఇంతవరకూ ఏ పత్రికలోనూ, ఏ మాధ్యమంలోనూ ప్రచురితం కాలేదు, ప్రసారం కాలేదు. ప్రస్తుతం మరే పత్రిక పరిశీలనలోనూ లేదు. ఇందుకు పూర్తి బాధ్యత నాదేనని హామీ ఇస్తున్నాను."

తెలుగులో కథలు రాసేవాణ్ణి అర్ధరాత్రి నిద్రలేపి అడిగినా తప్పులేకుండా అప్పజెప్పే పేరా ఇది. దీని కింద సంతకం, ఊరు, తేదీ, ఫోన్ నంబరు, పాస్‌పోర్టు సైజు ఫొటో, బ్యాంకు ఖాతా వివరాలు. (ఆ ఖాతా నంబరు ఎందుకో తర్వాత చెప్పుకుందాం. చెప్పుకోడానికి పెద్దగా ఏమీ లేదులెండి.)

నేను క్రైం కథలు రాస్తాను. పోలీస్ స్టేషన్ సీన్లు చాలానే రాశాను. ఎస్సై ఇంకా కుర్చీలో సర్దుకోకముందే "అయ్యా, ఈ సొత్తు నాదే, ఎవరి దగ్గరా కొట్టేయలేదు, ఇంకెక్కడా తాకట్టు పెట్టలేదు" అని కాగితం రాసిచ్చి, ఫొటో కూడా చేతిలో పెట్టే అనుమానితుణ్ణి మాత్రం ఇంతవరకూ రాయలేదు. అలాంటివాణ్ణి పెడితే పాఠకుడు రెండో పేజీలోనే "వీడేరా దొంగ" అనేసి పత్రిక మూసేస్తాడు. మరి అదే పని ప్రతి కథకీ, ప్రతి కథకుడి చేతా చేయిస్తున్న పత్రికలకు ఆ అనుమానం రాదా అంటే, వస్తుంది. వచ్చింది కాబట్టే చేయిస్తున్నాయి.

న్యాయంగా మాట్లాడితే ఈ హామీ పత్రం ఊరికే పుట్టలేదు. అందులో మా క్రైం వాళ్ల చేతివాటం కూడా ఉంది. తెలుగులో అపరాధ పరిశోధన మొదట్లో చాలావరకు బెంగాలీ మీదుగా దిగుమతయింది. తర్వాత పాకెట్ బుక్కుల రోజులొచ్చాయి. కొమ్మూరి సాంబశివరావు డిటెక్టివ్ యుగంధర్ కోసం, మధుబాబు గూఢచారి షాడో కోసం అద్దె పుస్తకాల షాపు ముందు జనం కాసుక్కూర్చునేవారు. ఆ గిరాకీ చూసి కొందరు పేరులేని వీరులు హేడ్లీ చేజ్ ఇంగ్లీషు నవలని ఎదురుగా పెట్టుకుని, మయామీని విశాఖపట్నం చేసి, కాడిలాక్‌ని అంబాసిడర్ చేసి, విస్కీని మాత్రం విస్కీగానే ఉంచి మార్కెట్లోకి వదిలారు. ఆ పాపం ఇప్పుడు మేం సంతకాలు పెట్టి కడుక్కుంటున్నాం.

ఇక్కడ చిన్న లాజిక్కు ఉంది. ఎనిమిది పేజీల కథని ఎత్తేయడానికి వెనకాడనివాడు నాలుగు లైన్ల అబద్ధానికి వెనకాడతాడా? వాడి హామీ పత్రమే అందరికంటే నీటుగా ఉంటుంది, అవసరమైతే నోటరీ ముద్ర కూడా వేయించుకొస్తాడు. ఇన్నేళ్లలో దొరికిన కథాచోరులెవరూ హామీ పత్రానికి దొరకలేదు. పాఠకులకు దొరికారు. ఏ తెనాలిలోనో ఒక రిటైర్డ్ మాస్టారు ఉంటారు. ఆయన కార్డు రాస్తారు: "అయ్యా, మీరు గత వారం వేసిన కథని నేను పెళ్లికాకముందు ఒక దీపావళి సంచికలో చదివాను. అందులో హీరోయిన్ పేరు సుశీల, ఇందులో స్వాతి." అంతే, కేసు క్లోజ్. యుగంధర్ కూడా ఇంత తొందరగా తేల్చలేదు.

పోనీ పత్రికలకు వెతికే దారి లేదా? కాళీపట్నం రామారావు గారు 1997లో శ్రీకాకుళంలో కథానిలయం పెట్టారు. ఒక మనిషి తన జీవితంలో మిగిల్చుకున్నదంతా పోసి, తెలుగు కథ ఎక్కడ అచ్చయినా తెచ్చి దాచిన ఇల్లది. పాత పత్రికలు, జాబితాలు నెట్‌లో కూడా దొరుకుతున్నాయి. అనుమానమొచ్చిన సబ్ ఎడిటర్ ఒక అరగంట కూర్చుంటే చాలు. కూర్చోరు. కూర్చోవలసిన పని లేకుండా చేసేదే కదా హామీ పత్రం. దొంగ దొరికిన రోజున "ఇదిగో, ఆయనే రాసిచ్చాడు" అని చూపించడానికి దాన్ని ఫైల్లో పెడతారు. కథ ఎటు పోయినా ఆ కాగితం మాత్రం భద్రం.

ఈమధ్య కొత్త వాక్యం ఒకటి చేరింది: "కృత్రిమ మేధ సాయంతో రాసినది కాదు." అదీ రాసిస్తున్నాం. యంత్రాన్ని అడిగితే అదీ రాసిస్తుంది, ఇంకాస్త వినయంగా.

అసలు బాధ ఆ హామీలో "మరే పత్రిక పరిశీలనలోనూ లేదు" అన్న ముక్కతో మొదలవుతుంది. దాని పక్కనే పత్రిక తన వైపు నుంచి వేసే నిబంధన చూడండి: "కథ అందినట్టు తెలియజేయడం సాధ్యం కాదు. ఎంపిక కాని కథలను తిప్పి పంపడం కుదరదు. ఉత్తర ప్రత్యుత్తరాలకు తావు లేదు." రెండూ కలిపి చదివితే సంగతి అర్థమవుతుంది. కథని నువ్వు ఇంకొకరికి చూపించకూడదు. మేం చూశామో లేదో చెప్పం. ఎప్పుడు వదిలేస్తామో కూడా చెప్పం.

మన దేశంలో హత్య కేసులో పట్టుబడ్డవాడికి కూడా ఒక వెసులుబాటు ఉంది. తొంభై రోజుల్లో పోలీసులు చార్జిషీటు వేయకపోతే బెయిలు అడిగే హక్కు అతనికి వస్తుంది. చిన్న నేరాలకైతే అరవై రోజులే. దీన్ని డిఫాల్ట్ బెయిలు అంటారు. మేజిస్ట్రేటుకి నిందితుడి మొహం నచ్చాలన్న నియమం లేదు, గడువు దాటితే చాలు. నా కథలో పెదనాన్నని చంపినవాడు ఈ లెక్కన మూడు నెలలకే బయటికొచ్చి టీ తాగుతుంటాడు. వాడి గురించి రాసిన కథ మాత్రం ఏ ఇన్‌బాక్స్‌లోనో చార్జిషీటు లేని రిమాండులో మగ్గుతుంటుంది. ఏడేళ్లపాటు ఒక మనిషి జాడ, అతని నుంచి వార్త రావలసినవాళ్లకు తెలియకపోతే చనిపోయినట్టే భావించవచ్చని సాక్ష్య చట్టం ఒప్పుకుంటుంది. కథల విషయంలో ఆ ఊరట కూడా లేదు. దినం చేసేద్దామనుకునే లోపు ఏ సంక్రాంతి సంచికలోనో ప్రాణంతో ప్రత్యక్షమవుతుంది. ఈలోగా నువ్వు ఇంకో పత్రికకి పంపి ఉంటే, ఇప్పుడు నిజంగానే నేరస్థుడివి.

ఫోన్ చేసి కనుక్కోవచ్చు కదా అంటారు. చేశాం.

"ఏ కథండీ?"

"బావిలో బిందె అండీ. మార్చిలో పంపాను."

"మెయిల్లోనా, పోస్టులోనా?"

"మెయిల్లోనండీ."

"మెయిలు చూసే అబ్బాయి సెలవులో ఉన్నాడండీ. స్పామ్‌లో పడుంటుంది. ఓసారి మళ్లీ పంపండి. హామీ పత్రం మర్చిపోకండి."

మళ్లీ పంపితే కొత్త తేదీ పడుతుంది. గడియారం మళ్లీ మొదటికొస్తుంది. ఆ అబ్బాయి సెలవుని నా వృత్తిలో అలిబీ అంటాం. నేరం జరిగిన వేళకి నిందితుడు అక్కడ లేడని చెప్పడం. కాకపోతే నా కథల్లో అలిబీ ఎంత గట్టిగా ఉన్నా ఆఖరి పేజీలో చెదిరిపోతుంది. ఈ అబ్బాయి సెలవు ఏ పేజీలోనూ చెదరదు. నాకు తెలిసిన కథకులందరికీ అన్ని పత్రికల్లోనూ, అన్ని రుతువుల్లోనూ ఇతగాడు సెలవులోనే ఉన్నాడు.

ఇక బ్యాంకు ఖాతా. పారితోషికం ఇచ్చే పత్రికలు ఇంకా కొన్ని ఉన్నాయి. వాటికి దండం. మిగతావి "సాహిత్య సేవ" అంటాయి. సరే, సేవే. అదే సంచికకి కాగితం ఇచ్చిన సేఠ్ దగ్గర సేవ చెల్లుతుందా? ప్రెస్సువాడు, పేజీలు పెట్టిన డీటీపీ కుర్రాడు, కట్టలు మోసిన ఆటో అతను, అందరికీ డబ్బు ముట్టాకే పత్రిక బయటికొస్తుంది. సేవాభాగ్యం మొత్తం కథకుడొక్కడికే కేటాయించారు.

అసలు క్రైం కథ పుట్టిందే పత్రికల్లో. 1841లో ఎడ్గార్ ఎలన్ పో తొలి డిటెక్టివ్ కథని ఫిలడెల్ఫియాలో గ్రాహమ్స్ మేగజీన్‌లో వేశాడు. 1891లో కానన్ డాయిల్ షెర్లాక్ హోమ్స్ కథలు ఆరింటిని స్ట్రాండ్ పత్రికకిచ్చాక, ఇంకా కావాలని వాళ్లు వెంటపడ్డారు. ఆయనకి రాసే మనసు లేదు. కథ ఎంత చిన్నదైనా యాభై పౌండ్లు ఇస్తేనే ఆలోచిస్తానన్నాడు, అడిగింది ఎక్కువేనని తెలిసే. వాళ్లు మారుమాట లేకుండా ఒప్పుకున్నారు. 1933లో, అమెరికా ఆర్థిక మాంద్యంలో కూరుకుపోయి ఉండగా, ఉద్యోగం ఊడిన రేమండ్ చాండ్లర్ తన మొదటి కథని ఐదు నెలలు చెక్కి బ్లాక్ మాస్క్ అనే చవక కాగితం పత్రికకి పంపాడు. మాటకి ఒక సెంటు చొప్పున నూటఎనభై డాలర్లు ఇచ్చారు. ఆ దేశంలో అప్పుడు సాహిత్య సేవ ఇంకా కనిపెట్టలేదనుకుంటాను.

డబ్బు ఇవ్వకపోతే పోనీ, హక్కుల దగ్గరైనా తగ్గుతారా? "ప్రచురించిన కథలపై సర్వహక్కులూ పత్రికవే." పోటీల నిబంధనల్లో ఇంకో మెట్టెక్కి సినిమా, వెబ్ సిరీస్, ఇకముందు కనిపెట్టబోయే మాధ్యమాలు కూడా రాయించుకుంటున్నారు. 1957 నాటి కాపీరైట్ చట్టం ఏమంటుందంటే, హక్కులు బదిలీ చేసే కాగితంలో ఏ హక్కు, ఎంతకాలానికి, ఏ ప్రాంతానికి, ఎంత సొమ్ముకి అన్నవి రాసుండాలి. కాలం రాయకపోతే ఐదేళ్లే. ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకే. సంపాదక మహాశయులు మాత్రం సృష్టి ఉన్నంత కాలానికీ, పద్నాలుగు లోకాలకీ రాయించుకుంటారు. సొమ్ము దగ్గరికొచ్చేసరికి సిరా అయిపోతుంది.

ఇన్ని గండాలూ దాటి కథ అచ్చయిందనుకోండి. అప్పుడు మొదలవుతుంది మా క్రైం వాళ్లకే ప్రత్యేకమైన చిత్రహింస. నేను పేజీలకి పేజీలు పాలేరు మీదా, తోటమాలి మీదా అనుమానం రగిలించి, ఆఖరి పేరాలో బావమరిదిని బయటపెడతాను. పత్రిక తెరిస్తే కథ పేరు పక్కనే సగం పేజీ బొమ్మ. లుంగీ ఎగ్గట్టిన బావమరిది, చేతిలో మోనోక్రోటోఫాస్ డబ్బా, మజ్జిగ గ్లాసులోకి వంపుతున్నాడు. చిత్రకారుడి తప్పేం లేదు, ఆయనకి ఆఖరి పేజీయే ఇచ్చి బొమ్మ అడిగారట. బొమ్మ మాత్రం చాలా బాగుంది. మజ్జిగ మీద నురగ కూడా వేశాడు.

ఇంకో కథలో ఎస్సై చేత "బీఎన్ఎస్ 103 కింద కేసు కట్టండి" అనిపించాను. 2024 జులై 1 నుంచి భారతీయ న్యాయ సంహితలో హత్యకి అదే సెక్షను, పాత ఐపీసీలో 302 ఉండేది. డెస్కులో ఎవరో పెద్దమనిషికి సినిమా జ్ఞానం ఎక్కువ, 103 కొట్టేసి 302 చేశారు. ముందున్న బీఎన్ఎస్‌ని అలాగే ఉంచారు. కొత్త చట్టంలో 302 అంటే మత మనోభావాలు గాయపరిచేలా మాట్లాడటం, గరిష్ఠంగా ఏడాది శిక్ష. అంటే నా హంతకుడు మనిషిని గొడ్డలితో నరికి, నోరు జారిన కేసులో లోపలికెళ్లాడు. లాయర్ పాఠకుల ఫోన్లన్నీ నాకే వచ్చాయి. పోలీసుల ముందు ఒప్పుకున్న నేరం కోర్టులో చెల్లదంటారు గానీ, సంపాదకుడికి రాసిచ్చింది అన్నిచోట్లా చెల్లుతుంది. "పూర్తి బాధ్యత నాదే" కదా.

పోటీలకు పంపుదామంటే అక్కడ వేరే గడప. "మానవ సంబంధాలను ప్రతిబింబించే కథలకు ప్రాధాన్యం. క్రైం, హారర్ కథలు పరిశీలించబడవు." నాకర్థం కానిది ఇదే. గట్టు తగాదాలో అన్నని పొడిచిన తమ్ముడి దగ్గర లేని మానవ సంబంధం, అమెరికా నుంచి వచ్చి తల్లి ఫొటోకి దండేసి ఏడ్చే కొడుకు దగ్గర ఏముందో! పాలగుమ్మి పద్మరాజు గారి 'గాలివాన' 1952లో న్యూయార్క్ హెరాల్డ్ ట్రిబ్యూన్ ప్రపంచ కథల పోటీలో రెండో బహుమతి తెచ్చింది. అందులో పర్సు పోయింది, ఒక శవం తేలింది, అదీ రైల్వే స్టేషన్లో. ఎస్సై వస్తే పంచనామా రాయాల్సిన కథ. దాన్ని క్రైం కథ అని నేను అనను, అంటే కొడతారు. కానీ ఇవాళ నా పేరుతో వెళ్తే మొదటి వడపోతలోనే పోయేదని మాత్రం అంటాను. 'త్వమేవాహం' కావ్యం రాసిన ఆరుద్ర గారు డిటెక్టివ్ నవలలు కూడా రాశారని గుర్తుచేస్తే, "ఆయన సరదాకి రాశారండీ" అంటారు. మేం ఏడుస్తూ రాస్తున్నట్టు.

ఇదంతా ఆలోచించి, కిందటి నెల ఒక కాగితం తయారుచేశాను. పత్రిక కథకుడికివ్వాల్సిన హామీ పత్రం. "ఫలానా పత్రిక సంపాదకుడినైన నేను, ఈ కథ అందినదనియు, ఆసాంతం చదివెదననియు, తొంభై రోజుల్లో అవుననో కాదనో చెప్పెదననియు, చెప్పనిచో కథ బెయిలుపై విడుదలైనట్టే భావించెదననియు, చిత్రకారునికి ఆఖరి పేజీ ఇవ్వననియు, సెక్షన్లు దిద్దననియు, కథకుని బ్యాంకు ఖాతా నంబరును కేవలం అలంకారముగా ఉంచుకొననియు ఇందుమూలముగా హామీ ఇచ్చుచున్నాను." సంతకం, తేదీ, పాస్‌పోర్టు సైజు ఫొటో. నా హామీ పత్రం మానేసి, ఇది జతచేసి కథ పంపాను. రాత్రి పదకొండు గంటలకి.

పదకొండూ ఇరవైకి జవాబొచ్చింది. "నిబంధనల ప్రకారం రచయిత హామీ పత్రం జతపరచనందున మీ కథను పరిశీలించలేకపోతున్నాం."

అబ్బాయి సెలవులో లేడన్నమాట.