ఫ్యానుగోల పద్యం: టీకా తాత్పర్యాలతో

అవతారిక: కాళిదాసు కావ్యాలకు సంజీవని వ్యాఖ్య రాసిన మల్లినాథ సూరిది మన మెదక్ జిల్లా కొల్చారమే అంటారు. ఆధారం లేనిది రాయను, అక్కర్లేనిది చెప్పను అని ఆయన రెండు నియమాలు పెట్టుకున్నాడు. హైటెక్ సిటీ పద్యానికి వ్యాఖ్య రాసేవాడు మొదటిది పాటించగలడు, రెండోదానికి హామీ లేదు.

వోల్టు కొంత దించఁ బొగరెల్ల నణగును
ఫ్యాను గోల తగ్గి పనులు సాగు
దించు టెంత యనినఁ దెలివిగ నెనుబది
మిల్లివోల్టు లంట మేలు మిత్ర!

కర్తృకాలాదులు: కర్త అజ్ఞాతుడు. వేడిని వదిలేసి ముందు గోల గురించి బాధపడ్డాడు గనుక ఒంటరిగా ఉన్నవాడు కాదు. మాదాపూర్‌లోనో కొండాపూర్‌లోనో త్రీ షేరింగ్ రూములో, నిద్రపోయే ఇద్దరి మధ్య నైట్ షిఫ్టు చేసినవాడని అంతస్సాక్ష్యం. సైబర్ టవర్స్‌ను వాజ్‌పేయి ప్రారంభించింది 1998 నవంబరు 22న గనుక పద్యం అంతకు ముందుది కాదు. 2019 డిసెంబరు తర్వాతిదీ కాదు. ఎందుకు కాదో కింద తెలుస్తుంది.

అధికారి నిర్ణయం: సొంత డబ్బుతో లాప్‌టాప్ కొన్నవాడు ఉత్తమాధికారి. కంపెనీ లాప్‌టాప్ వాడికి శ్రవణాధికారమే తప్ప ఆచరణాధికారం లేదు. కొత్త మాక్‌బుక్ ఎయిర్ వాడికి ఏ అధికారమూ లేదు. 2020 నాటి ఎం1 మొదలు అందులో ఫ్యానే లేదు కదా.

ప్రతిపదార్థం: వోల్టు = ప్రాసెసర్‌కు అందే వోల్టేజి; కొంత = కొంచెమే, ఆశకు పోకుండా; దించన్ = తగ్గించగా; పొగరు ఎల్లన్ = టర్బో బూస్ట్ వల్ల పుట్టే వేడి అంతా; అణగును = దిగివచ్చును; ఫ్యాను గోల = టీమ్స్ కాల్‌లో అవతలివాళ్ళకు హెలికాప్టర్‌లా వినబడేది; తగ్గి = మ్యూట్ అక్కర్లేనంతగా తగ్గి; పనులు = జీరా టికెట్లు; సాగు = సాగును, ఆ రోజుకు.

ఇక్కడ 'పొగరు' అన్న ప్రయోగం మెచ్చదగింది. ఇంటెల్ ఐ7 12700హెచ్ చిప్‌కి బేస్ పవరు 45 వాట్లు. బిల్డ్ నొక్కగానే, తయారీదారు ఒప్పుకుంటే, అదే 115 వాట్ల దాకా లాగేస్తుంది. నూరు డిగ్రీల దగ్గర తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. ఎగిరిపడి మళ్ళీ తనే చతికిలబడేదాన్ని పొగరు అనక ఏమంటాం?

తాత్పర్యం: చిప్ లోపల కోట్ల స్విచ్చులు పడుతూ లేస్తూ తినే పవరు వోల్టేజి వర్గాన్ని బట్టి ఉంటుంది. వేగం కదపకుండా 1.10 వోల్టులను 1.02కి దించామనుకోండి. వర్గాలు 1.21, 1.04. అంటే ఆ పవరులో 14 శాతం ఆదా అయిందన్నమాట. కనుక 'ఎల్ల' అన్నది అతిశయోక్తి అలంకారం. మరి ఆ అదనపు వోల్టేజిని ఇచ్చిందెవరు? ఫ్యాక్టరీయే. ఒకే సిలికాన్ పళ్ళెం మీద పుట్టిన చిప్‌లయినా అన్నీ ఒకలా ఉండవు. అన్నిటికన్నా బలహీనమైనది కూడా ఎండలో, ఏళ్ళు గడిచాక, తడబడకూడదు. అందుకని పెళ్ళిలో వంద మందికి పిలుపు వెళితే నూట యాభై మందికి వండినట్టు అన్నిటికీ కాస్త ఎక్కువే వడ్డిస్తారు. బలమైన చిప్ దొరికినవాడు ఆ ఎక్కువను తీసేయవచ్చు.

పూర్వపక్షం: వోల్టేజి తగ్గితే పని నెమ్మదించదా? నెమ్మదించదు. కావలసినదానికన్నా తగ్గితే నెమ్మదించకుండా తిన్నగా పడిపోతుంది. సరిగ్గా తగ్గితే వేడికి జంకి ఆగడం తప్పుతుంది గనుక ఒక్కోసారి వేగమే పెరుగుతుంది.

పాఠాంతరాలు: 'దెలివిగ నేబది' అని కొన్ని ప్రతుల్లో ఉంది. నేబది భగణం, నెనుబది నలము. రెండూ ఇంద్రగణాలే, ఛందస్సుకు అభ్యంతరం లేదు. అభ్యంతరం చెప్పాల్సింది చిప్. అందుకే అనుభవజ్ఞులు ఏబదితో మొదలుపెట్టి పదేసి మిల్లివోల్టులు దించుకుంటూ, కోర్‌కూ క్యాష్‌కూ ఒకే అంకె పెట్టి, ప్రతి మెట్టు దగ్గరా స్ట్రెస్ టెస్ట్ చేస్తారు. 'నూట యిరువది' అని అతివాదుల పాఠం. అందులో గణభంగం, చాలా చిప్‌లలో బ్లూ స్క్రీను కూడా. దానివల్ల చిప్ కాలిపోదు. సేవ్ చేయని ఫైలు మాత్రం పోతుంది.

అనుక్తం: కోకాపేట, నానక్‌రామ్‌గూడ వైపు టవర్లు లేస్తున్నంత కాలం ఆ దుమ్ము లాప్‌టాప్ గాలిరంధ్రాల్లోకి చేరుతూనే ఉంటుంది. దాన్ని ఊదించకుండా ఎనభై దించడం వృథా. పరుపు మీద పెట్టి పనిచేసేవాళ్ళ గురించి కవి మౌనం వహించాడు, మనమూ వహిద్దాం.

విశేషాంశాలు: 'అంట' గమనించండి. కవి చేసి చూడలేదు, విన్నాడు. మిత్రుడి లాప్‌టాప్ ఆగిపోతే బాధ్యత ఎవరిదో అనుకుని ముందే తప్పుకున్నాడు. హాస్టళ్ళలో ఇచ్చే సలహాలన్నీ ఈ 'అంట'తోనే ముగుస్తాయి.

ఇక కాలనిర్ణయం. 2019 డిసెంబరులో బర్మింగ్‌హామ్, గ్రాట్స్, ల్యువెన్ విశ్వవిద్యాలయాల పరిశోధకులు ప్లండర్‌వోల్ట్ అనే దాడిని బయటపెట్టారు. సమయం చూసి వోల్టేజిని బాగా దించితే ఇంటెల్ చిప్ గుణకారంలో తప్పుతుందనీ, ఆ తప్పు పట్టుకుని ఎస్‌జీఎక్స్ అనే రహస్యపు అర నుంచి కీలు లాగవచ్చనీ చూపారు. అందుకు కంప్యూటర్ మీద పూర్తి అధికారం ముందే చేతిలో ఉండాలి. అయినా ఇంటెల్ మైక్రోకోడ్, బయాస్ మార్పులతో వోల్టేజి దించే మీటను బిగించే దారి చూపింది, ఎందరో లాప్‌టాప్ తయారీదారులు బిగించేశారు. మూడు నెలలకే లాక్‌డౌన్. ఐటీ కారిడార్ అంతా లాప్‌టాప్‌లు బ్యాగుల్లో వేసుకుని ఇళ్ళకు పోయింది. ఆఫీసు ఏసీలో 24 డిగ్రీల గాలి పీల్చిన యంత్రం మే నెలలో ఏసీ లేని గదిలో 38 డిగ్రీల గాలి పీల్చింది. అంత పవరుకే చిప్ కూడా ఇంచుమించు అన్ని డిగ్రీలూ ఎక్కువ వేడెక్కింది. ఉపాయం అవసరమైన రోజులు వచ్చేసరికి దానికి తాళం పడింది. పూర్వవ్యాఖ్యాతలు ఈ పద్యంలో శాంతరసం చూశారు. 2019 తర్వాత చదివినవాళ్ళకు ఇది విప్రలంభమే. ఒడిలో వేడి ఉద్యోగిది, బయాస్ పాస్‌వర్డు ఐటీ సపోర్టుది. టికెట్ వేస్తే రీస్టార్ట్ చేసి చూడమంటారు.

అలాంటివారి కోసం తర్వాతి కాలపు పరిష్కర్తలు ఒక సవరణ సూచించారు. విండోస్ పవర్ ఆప్షన్స్‌లో మాక్సిమమ్ ప్రాసెసర్ స్టేట్ 100 ఉంటుంది; 99 చేస్తే చాలా ఇంటెల్ లాప్‌టాప్‌లలో టర్బో ఆగుతుంది. వేగం తగ్గినా ఫ్యాను కూడా తగ్గుతుంది. మూడో పాదం చివర 'దెలివిగ నెనుబది' తీసి 'తొంబది తొమ్మిది' పెడితే రెండు భగణాలు చక్కగా కుదిరాయి. 'దిం'కీ 'తొం'కీ యతి మాత్రం చెల్లలేదు. పైగా అవి మిల్లివోల్టులు కావు. కంపెనీ లాప్‌టాప్ వాళ్ళు ఈ రెండు దోషాలనూ పట్టించుకోవడం లేదు.