నేను కుప్పం టిక్కెట్టు కిటికీని

నాకు ఒక పక్క కుర్చీ, కంప్యూటరు, టిక్కెట్లు అచ్చువేసే మిషను. ఇంకో పక్క జనం. నడుమ అద్దం, ఆ అద్దంలో చెయ్యి పట్టేంత కంత. నాతో పని ఉన్నవాళ్లంతా కొంచెం వంగి ఆ కంత దగ్గర నోరు పెట్టి మాట్లాడతారు. కుప్పం మూడు రాష్ట్రాలు కలిసే చోటు గదా, తెలుగు, తమిళం, కన్నడం మూడూ అందులోంచే లోపలికి పోతాయి. తెల్లారి బెంగుళూరు బండికి వచ్చిన మనిషి ఒక భాషలో టిక్కెట్టు అడిగి ఇంకో భాషలో చిల్లర అడుగుతాడు.

మా లైను పాతది. జోలార్‌పేట నుంచి బెంగుళూరు కంటోన్మెంటుకు 1864లోనే మద్రాసు రైల్వే వాళ్లు బండి నడిపారు. అట్ట టిక్కెట్లు, వాటి మీద తేదీ గుద్దే ఇనప మిషను పోయి కంప్యూటరు వచ్చింది. ఇప్పుడు ఫోను వచ్చింది. చదువుకున్న పిల్లలు, బెంగుళూరులో పనిచేసేవాళ్లు ఫోనులోనే టిక్కెట్టు తీసుకుని నా వైపు చూడకుండా ప్లాట్‌ఫారం మీదికి పోతారు. మంచిదే. అయితే దాంతో ఒకటి జరిగింది. నా ముందు మిగిలిన వరసలో ముసలివాళ్లు, రోగులు, చేతిలో కాగితం ఉండి దాన్ని చదవలేనివాళ్లు, జన్మలో మొదటిసారి రైలెక్కేవాళ్లు ఎక్కువయ్యారు. వరస చిన్నదైంది గానీ ఒక్కొక్కరితో పని పెద్దదైంది. కిటికీకి ఇక పనేముంది అనేవాళ్లు ఈ సంగతి ఆలోచించాలి.

ఆ రోజుల్లోనే పెద్దపంజాణి పిల్ల వచ్చింది. డిగ్రీ చదువుతోంది. మన రాష్ట్రంలో 2020–21 నుంచి డిగ్రీ వాళ్లకు పది నెలల ఇంటర్న్‌షిప్ తప్పనిసరి చేశారు గదా, అందులో భాగంగా వచ్చింది. పెద్దపంజాణిలో రైలు లేదు. పలమనేరులో బస్సు మారి, వి.కోట మీదుగా ఇక్కడికి చేరి, మేనత్త ఇంట్లో ఉంటూ రోజూ స్టేషనుకు వచ్చేది. ఒకప్పుడు రైల్వేనే పదో తరగతి పాసైన పిల్లలను పరీక్ష పెట్టి ఎంచి, రెండేళ్లు రైల్వే కమర్షియల్ కోర్సు చదివించి, టిక్కెట్టు కౌంటర్ల ఉద్యోగాల్లోకి తీసుకునేది. ఈ పిల్లకు అంత వ్యవధి లేదు. డబ్బు, కంప్యూటరు ముట్టుకోకూడదు. వరస పక్కన నిలబడి ఫారాలు నింపడం, అడిగినదానికి జవాబు చెప్పడం ఆమె పని.

కుర్చీలో కూర్చునే సారు మొదటిరోజే ఒక మాట చెప్పారు. “టిక్కెట్టు ఇచ్చేది మిషను పాపా. ఆ మనిషి యాడికి పోవల్లో, ఎప్పుడు చేరల్లో అడిగి తెలుసుకునేది మనం.” ఆ మాటను ఆమె పట్టుకున్న తీరు నేను దగ్గరినుంచి చూశాను.

పొద్దున్నే ఒక రైతు సాయంత్రం బండికి జనరల్ టిక్కెట్టు కావాలన్నాడు. ఇవ్వమంటే ఇచ్చేయొచ్చు. ఈ పిల్ల అడ్డం వచ్చి చెప్పింది: 199 కిలోమీటర్ల లోపు జనరల్ టిక్కెట్టు తీసుకున్న మూడు గంటల్లో ప్రయాణం మొదలుపెట్టాలి, ఆలోపు అటు పోయే బండి లేకపోతే మొదటి బండిదాకా చెల్లుతుంది, సాయంత్రం వచ్చి తీసుకోండి అని. అతను డబ్బులు మళ్లీ జేబులో పెట్టుకుని సంతకు పోయాడు.

చిత్తూరుకు టిక్కెట్టు అడిగేవాళ్లు ఉంటారు. మన జిల్లా ఊరే, కానీ రైలు తమిళనాడులోకి పోయి జోలార్‌పేట, కాట్పాడి చుట్టి రావాలి. నేరుగా పోయే బండ్లు తక్కువ. “తొందరగుంటే బస్సుకు పోండన్నా, పలమనేరు మీద” అనేది ఆ పిల్ల. రైలు స్టేషన్లో నిలబడి బస్సెక్కమని చెప్పడం నాకు చాలా నచ్చింది. బెంగుళూరుకు పోయేవాళ్లకు మాత్రం తిరుగు ప్రయాణం సంగతి గట్టిగా చెప్పేది: “వచ్చేటప్పుడు మారికుప్పం బండి ఎక్కొద్దండీ. అది మన కుప్పం కాదు. బంగారుపేట కాడ కోలారు బంగారు గనుల వైపు తిరిగిపోతాది.” పేరులో కుప్పం విని ఆ బండెక్కితే రాత్రిపూట ఇంకో ఊళ్లో దిగాలి. ఈ సంగతి ఏ టిక్కెట్టు మీదా ఉండదు.

అన్నిటికన్నా నాకు గుర్తున్నది రామకుప్పం వైపు నుంచి వచ్చిన అవ్వ. పక్కన కొడుకు. చేతిలో ప్లాస్టిక్ కవరు, అందులో నాలుగు మడతలు పెట్టిన కాగితం.

“యాడికి పోవల్ల అవ్వా?”

“వేలూరు పెద్దాసుపత్రికి.”

“కాట్పాడిలో దిగల్ల.”

కాగితం కంతలోంచి లోపలికి పోయింది. రోజూ మామూలుగా అయ్యేది ఏంటంటే, అద్దం మందం, వరసలో గోల, అందుకని లోపలినుంచి ప్రశ్న గట్టిగానే వస్తుంది. ఏం జబ్బు, పేషెంటు ఎవరు, తోడు ఎవరు. జవాబూ అంతే గట్టిగా చెప్పాలి. వెనకున్న పదిమందికీ వినపడుతుంది. ఆ రోజు లోపల సారు పక్కనే ఉన్న ఆ పిల్ల, ఆయన నోరు తెరిచేలోపు కాగితం మీద డాక్టరు సంతకం, ఆసుపత్రి ముద్ర వేలితో చూపించింది. జబ్బు రాసిన గీత మీద వేలు ఒక్క క్షణం ఆపింది. సారు చదివారు, తల ఊపారు. ఇద్దరిలో ఎవరూ ఆ పేరు పలకలేదు. అవ్వ చీర కొంగు నోటి దగ్గర పట్టుకుని నిలబడింది, వినబోయే మాటకు సిద్ధపడి. ఆ మాట రాలేదు.

కాన్సర్ రోగులు వైద్యానికి పోయేటప్పుడు స్లీపర్‌లో ఛార్జీ పూర్తిగా మాఫీ, తోడు పోయే ఒక మనిషికి 75 శాతం రాయితీ. సెకండ్ క్లాసులో ఇద్దరికీ 75 శాతం. ఈ రాయితీలకు కౌంటరుకే రావాలి. అవ్వకు స్లీపర్‌లో తన ఛార్జీ మాఫీ అన్న సంగతి తెలియదు, కొంగుముడి విప్పుతోంది. పిల్ల బయటికి వచ్చి ఆమె చెయ్యి పట్టుకుని ఆపింది. తర్వాత బెంచీ మీద కూర్చోబెట్టి, తిరుగు ప్రయాణానికి కూడా రాయితీ ఉందని, కాట్పాడి కౌంటర్లో అడగమని కొడుకుకు చెప్పి, రెండుసార్లు తిరిగి చెప్పించుకుంది. అతను అప్పజెప్పాకే వదిలింది.

ఇలాంటి పనికి జీతం ఇచ్చి మనుషుల్ని పెట్టాలని నేను గట్టిగా నమ్ముతాను. చదువుకునే పిల్లలు వచ్చి నేర్చుకోవడం మంచిదే, కానీ వాళ్లు పోయాక ఆ చోటు ఖాళీగా ఉండకూడదు. రాయితీలు పుస్తకంలో ఉన్నాయి, అవి తమకు ఉన్నాయని తెలియక పూర్తి డబ్బు కట్టేవాళ్లు నా ముందు వరసలో ఉన్నారు.

పోయేముందు ఆ పిల్ల సారును అడిగి ఒక కాగితం రాసి లోపలి వైపు నుంచి నాకు అంటించింది. “ఆసుపత్రి రాయితీ కాగితం ఉన్నవాళ్లు నోటితో ఏమీ చెప్పనక్కర్లేదు. కాగితం ఇస్తే చాలు. ఫారం మేం నింపుతాం.” తెలుగు ఆమె రాసింది. కింద తమిళం, కన్నడం స్టేషన్లో తెలిసినవాళ్ల చేత రాయించింది. చదవడం రానివాళ్లకు వరసలో వెనకున్నవాళ్లు చదివి చెప్తున్నారు.