ఎలాగూ విప్పాం కదా

మా కారు మూలగడం మొదలెట్టి అప్పటికి నెల దాటింది. న్యూట్రల్‌లో నిలబడితే మూలుగుతుంది. క్లచ్ తొక్కితే ఠక్కున ఊరుకుంటుంది. కాలు తీశానా, మళ్ళీ మొదలు. సిగ్నల్ పడ్డ ప్రతిచోటా క్లచ్ మీద కాలేసి దాని నోరు మూయించేవాణ్ణి. "నడుపుతున్నారా, జోకొడుతున్నారా?" అని మా ఆవిడ ఒకటి రెండుసార్లు అడిగి, ఆ తర్వాత పాటల సౌండు పెంచడం నేర్చుకుంది.

మేముండేది న్యూజెర్సీలోని పిస్కాటవేలో. మా మావయ్యగారు వీడియో కాల్‌లో ఇప్పటికీ "పిసుకుటావే ఎలా ఉంది?" అనే పలకరిస్తారు. 1666 నాటి ఊరు. ఊళ్ళో దాని తర్వాత పాతది నా కారేనని మా అబ్బాయి అభిప్రాయం. రోజూ నేను ఆఫీసుకు వెళ్ళే హోస్ లేన్ మీదే ఐట్రిపుల్ఈ వారి పెద్ద కార్యాలయం ఉంది. ప్రపంచంలోని ఎలక్ట్రికల్, ఎలక్ట్రానిక్స్ ఇంజనీర్ల సంఘం అది. అంతమంది ఇంజనీర్ల గుమ్మం ముందునుంచి, అదే డిగ్రీ ఉన్న నేను, అద్దాలు పైకెత్తుకుని తల దించుకుని పోయేవాణ్ణి.

కారు పుట్టుపూర్వోత్తరాలు కొంచెం చెప్పాలి. కంపెనీ పేరు మాత్రం అడక్కండి. అది చేత్తో గేర్లు మార్చుకునే కారు. అమెరికాలో అమ్ముడుపోయే కొత్త కార్లలో ఇలాంటివి ఇప్పుడు నూటికి ఒకటీ అరా. రాత్రి తాళం వెయ్యడం మర్చిపోయినా నాకు బెంగ లేదు. దొంగ ఎక్కినా మూడు పెడల్స్ చూసి, తప్పు గుమ్మం తొక్కానని దిగిపోతాడు. చదువు ముగించుకుని కాలిఫోర్నియా వెళ్ళిపోతున్న ఒక రట్గర్స్ యూనివర్సిటీ కుర్రాడి దగ్గర కొన్నాను. "క్లచ్ కొత్తదే అంకుల్" అన్నాడు. పాత కారు అమ్మే ప్రతివాడూ అనే మాటే అది. కానీ ఆ 'అంకుల్' దెబ్బకి నేను బేరమాడటం మర్చిపోయాను.

షెడ్డులో మెకానిక్ పెద్దాయన బానెట్ కూడా ఎత్తలేదు. ఇంజన్ ఆన్ చేయించి, క్లచ్ తొక్కమని, వదలమని, మళ్ళీ తొక్కమని, డాక్టరు ఊపిరి పీల్చమన్నట్టు నాలుగుసార్లు చేయించి, "గేర్‌బాక్స్ ముందు బేరింగు పోయింది" అన్నాడు. క్లచ్ తొక్కితే గేర్‌బాక్సులోకి వెళ్ళే ఇరుసు తిరగడం ఆగుతుంది, దానితోపాటే ఈ మూలుగూ ఆగుతుంది. ఇన్నాళ్ళూ నేను జోకొట్టింది ఆ బేరింగునన్నమాట. దాన్నొక్కదాన్నీ విప్పి బాగుచేసే కూలికి, తుక్కు యార్డు నుంచి వేరే గేర్‌బాక్స్ తెచ్చి బిగించడమే చవక. బాక్సుకు 600 డాలర్లు, విప్పి బిగించడానికి ఏడు గంటల కూలి. అంతా రాసుకుని, కలం మూత పెట్టబోతూ ఆగి, "మరి క్లచ్?" అన్నాడు.

"క్లచ్‌కేమైంది?"

"ఏం కాలేదు. కానీ ఎలాగూ విప్పుతున్నాం కదా."

ఈ మాట ఆయన ఇంగ్లీషులోనే అన్నాడు. నాకు మాత్రం అచ్చం మా నాన్న గొంతులో వినిపించింది. మా ఇంట్లో పనులన్నీ ఈ మంత్రంతోనే నడిచాయి. నా ఒడుగు మా అక్క పెళ్ళి పందిట్లో జరిగింది. ఎలాగూ పందిరి వేశాం, ఎలాగూ పురోహితుడు వచ్చాడు, ఎలాగూ వంటవాళ్ళు ఉన్నారు. మా అక్కకి మంగళస్నానం చేయించిన కాగులో నీళ్ళే నాకూ. ఎలాగూ సున్నం తడిపాం కదా అని పశువుల కొట్టానికీ వెల్ల వేయించారు, అందులో పశువులు లేకపోయినా. ఎలాగూ తిరుపతి దాకా వచ్చాం కదా అని మద్రాసు మెరీనాకి వెళ్ళి, అక్కడ నాన్న చెప్పులు పోగొట్టుకుని వచ్చాం.

కానీ ఈ విషయంలో మంత్రానికి లెక్క బలం కూడా ఉంది. క్లచ్ ఉండేది ఇంజనుకీ గేర్‌బాక్సుకీ మధ్య. దాని మొహం చూడాలంటే గేర్‌బాక్స్ దించక తప్పదు. విడిగా క్లచ్ మార్చాలన్నా అదే ఏడు గంటలు, అదే కూలి. ఇప్పుడైతే క్లచ్ ప్లేటు, ప్రెజర్ ప్లేటు, రిలీజ్ బేరింగు కలిపిన కిట్ 220 డాలర్లు. వదిలేస్తే, అది పోయిననాడు ఆ 220తోపాటు వెయ్యి డాలర్ల కూలి. ఇంత తేలిక లెక్క మీద మా కుటుంబం పది రోజులు చర్చించింది.

మావయ్యగారు ఆర్టీసీ డిపో గ్యారేజీలో మెకానిక్‌గా చేరి, ఫోర్‌మన్‌గా రిటైరైన మనిషి. విజయవాడ ఆటోనగర్‌లో ఆయన్ని చూసి ఇప్పటికీ టీ గ్లాసు పక్కన పెట్టి లేచి నిలబడేవాళ్ళున్నారు. మాకు రాత్రి తొమ్మిదిన్నర అయితే ఆయనకు పొద్దున ఏడు. పళ్ళపుల్ల నోట్లో ఉండగానే కాల్ ఎత్తారు.

"అల్లుడుగారూ, బండి పిట్ ఎక్కిందంటే చేతికందినవన్నీ మార్చేయడమే. పాత ప్లేటుకు కొత్త బాక్సు కట్టడమంటే చిరుగుల చొక్కా మీద పట్టు కండువా వేసినట్టు."

"కానీ మావయ్యగారూ, బాక్సు కూడా కొత్తది కాదు, తుక్కు యార్డుదే."

ఆయన పళ్ళపుల్ల తీసి నావైపు చూశారు. తన కూతుర్ని ఎలాంటివాడికిచ్చారో ఒకసారి గుర్తు చేసుకుంటున్న చూపది. "అయితే క్లచ్ అయినా కొత్తది వెయ్యండి" అన్నారు.

ఎడిసన్‌లో ఉండే మిత్రుడిది పూర్తిగా వేరే మతం. సాఫ్ట్‌వేర్ ఆర్కిటెక్టు. "ఒకే రిలీజులో రెండు మార్పులు చెయ్యకూడదురా. రేపు కారు వణికితే గేర్‌బాక్సు వల్లా, క్లచ్ వల్లా? ఎలా తెలుస్తుంది? పనిచేస్తున్నదాన్ని ముట్టుకోకు" అన్నాడు. నిజం చెప్పాలంటే ఇందులోనూ న్యాయం ఉంది. కాకపోతే వీడు ఈ సూత్రం మీదే వాళ్ళింట్లో కారే కుళాయిని నాలుగేళ్ళుగా ముట్టుకోలేదు. మా ఆవిడ మధ్యేమార్గం సూచించింది: ఏది మార్చినా మార్చకపోయినా బ్రిడ్జ్‌వాటర్ గుడికి తీసుకెళ్ళి పూజ చేయించి, నాలుగు చక్రాల కిందా నాలుగు నిమ్మకాయలు పెట్టడం. ఖర్చులో ఇదే నయం.

క్లచ్ అసలు ఏ స్థితిలో ఉందో చూద్దామన్న ఆలోచన ఆరో రోజున వచ్చింది, అదీ నాకే. పరీక్ష తేలికే. తక్కువ వేగంలో నాలుగో గేరు వేసి ఒక్కసారిగా యాక్సిలరేటర్ తొక్కాలి. ఇంజన్ గోల పెరిగి కారు వేగం పెరగకపోతే ప్లేటు జారుతున్నట్టు. ఒక తెల్లవారుజామున రివర్ రోడ్డు మీద ఈ పరీక్ష పెట్టాను. ఇంజన్ అరవలేదు, కారు ఉరకలేదు. ఇద్దరూ మర్యాదగా, ఒకరి మాటకొకరు కట్టుబడి, నెమ్మదిగా ముందుకు సాగారు. అంటే క్లచ్ ఇవాళ్టికి బాగానే ఉంది. రేపటి సంగతి ఈ పరీక్ష చెప్పదు. ఆ రేపటిని తలుచుకుంటే నాకు ఓక్ ట్రీ రోడ్డు గుర్తొస్తుంది. ఆదివారం సాయంత్రం ఆ రోడ్డులో, ముందు కారువాడు చీరల కొట్టు ఎదుట పార్కింగ్ కోసం ఆగితే, వెనక హాఫ్ క్లచ్‌లో ఊగిసలాడుతూ కూరలకోసం నేను తగలేసిన ప్లేటు మందం ఎంతో!

చివరికి "ముందు విప్పండి, చూసి చెబుతాను" అన్నాను. ఆపరేషన్ థియేటర్ బయట సంతకం పెట్టినట్టే. మధ్యాహ్నం ఫోనొచ్చింది. వెళ్ళాను. పళ్ళెమంత క్లచ్ ప్లేటు బల్లమీద పడుంది. పూర్తిగా అరిగితే రివెట్ల తలలు పైకి తేలతాయట. ఇవి తేలలేదు. అలాగని కొత్త ప్లేటులో ఉన్నంత లోతునా లేవు. "సగం" అన్నాడు మెకానిక్ పెద్దాయన.

సగం! పూర్తిగా పోతే మార్చేవాణ్ణి, కొత్తదైతే మురిసి వదిలేసేవాణ్ణి. ఈ సగం ఎవరిక్కావాలి? నా జుట్టు, ఇంటి అప్పు, వాకింగ్ షూస్ అన్నీ ఆ స్థితిలోనే ఉన్నాయి, క్లచ్ కూడా వాటితో చేరింది. పది రోజుల చర్చను పది సెకన్లలో తేల్చాల్సి వచ్చేసరికి నాన్న గొంతు నా నోట్లోంచి వచ్చింది: "ఎలాగూ విప్పాం కదా. మార్చేయండి."

ఆ మాట ఒకసారి బయటపడితే ఇక ఆగదు. ఫ్లైవీల్ చూపించాడు. అట్లపెనం మీద మాడినట్టు అక్కడక్కడా నీలం మచ్చలు. వేడికి వచ్చినవి. ఎలాగూ కొత్త ప్లేటు వేస్తున్నాం కదా, దాన్నీ చదును చేయించాం. దాని వెనక ఇంజన్ ఆయిల్ సీలు కనిపించింది. కారడం లేదు. కానీ ఫ్లైవీల్ ఎలాగూ తీశాం కదా. 220తో మొదలైనది 400 దగ్గర నిలబడింది. నిలబడటానికి కారణం, దాని వెనక ఇంజన్ తప్ప ఇంకేమీ లేకపోవడమే.

కొత్త క్లచ్ అందుకునే చోటు వేరుగా ఉంటుందని ఎవరూ చెప్పలేదు. పాతది పెడల్ పైకంటా వచ్చాక పట్టేది. ఇది నేలకి నాలుగు వేళ్ళ ఎత్తులోనే పట్టేస్తుంది. ఇరవై ఏళ్ళుగా గేర్లు మారుస్తున్నవాణ్ణి, స్టెల్టన్ రోడ్డు సిగ్నల్ దగ్గర వెంటవెంటనే మూడుసార్లు కారు ఆపేశాను. రూట్ 1 మీద ఎడమకు తిరగాలంటే ముందు కుడికి దిగి చుట్టు తిరిగి రావాలి, న్యూజెర్సీ వాళ్ళు కనిపెట్టిన వింత. ఆ చుట్టుదారిలో నాలుగోసారి. పెట్రోలు పోయించుకోవడానికి ఆగితే, పోసే కుర్రాడు కూడా జాలిగా చూశాడు. 1949 చట్టం పుణ్యాన ఈ రాష్ట్రంలో మన కారులో పెట్రోలు మనం పోసుకోకూడదు. క్లచ్ గురించి కూడా అలాంటి చట్టమేదైనా ఉంటే ఈ పది రోజులూ ప్రశాంతంగా గడిచేవి.

ఐదు నెలలు కారు చప్పుడు చెయ్యలేదు. ఆరో నెలలో ఒక సోమవారం పొద్దున ఇంటిముందే క్లచ్ తొక్కాను. పెడల్ నేలకంటా దిగిపోయి, అక్కడే ఉండిపోయింది.

మా ఆవిడ నాకంటే ముందే వాళ్ళ నాన్నకి మెసేజ్ పెట్టింది: "క్లచ్ పోయింది." లాగుడు బండి వచ్చి కారును షెడ్డుకు చేర్చింది. పెద్దాయన ఈసారి కిందకి కూడా దూరలేదు. బానెట్ ఎత్తి, గేర్‌బాక్సు బయట, చెయ్యి పెడితే అందేచోట ఉన్న బొటనవేలంత సిలిండర్ చూపించాడు. పెడల్ తొక్కితే ఆయిల్ ఒత్తిడితో క్లచ్‌ని నెట్టేది అదే. దాని రబ్బరు అరిగి ఆయిలంతా కారిపోయింది. నలభై డాలర్ల సామాను, గంట పని. లోపలున్నవన్నీ మార్చిన మాకు బయట ఉన్నది కనిపించలేదు. దాన్ని చూడటానికి ఏమీ విప్పనక్కర్లేదు మరి.

రాత్రి తొమ్మిదిన్నరకి మావయ్యగారికి అంతా వివరించాను. ఆయన పళ్ళపుల్ల ఒక బుగ్గ నుంచి రెండో బుగ్గకి మార్చి, కాసేపు ఆలోచించారు.

"అల్లుడుగారూ, కారు ఎలాగూ షెడ్డుకు వెళ్ళింది కదా" అన్నారు, "ఆ ఏసీ కూడా ఓసారి చూపించకపోయారా?"